ఫసాన్మి కొట్టు గడప మీద

లేవను. పిక్కలు లాగుతున్నా లేవను, పాదాలు మొద్దుబారి నావి కావన్నట్టున్నా లేవను, ఈ గడప మీద ఇలాగే గొంతుక్కూర్చుంటాను, లోపలికి వచ్చేవాళ్ళు నన్ను తప్పుకుని రావాలి, బయటికి పోయేవాళ్ళు నన్ను తప్పుకుని పోవాలి. నాకు నోరు లేదు, నిజమే. బళ్ళో హాజరు పిలిచినా చెయ్యెత్తేదాన్ని గాని పలికేదాన్ని కాదు, కొత్తవాళ్ళు పేరడిగితే అరినోలా అని నా బదులు పక్కనున్న పిల్ల చెప్పేది, కానీ కూర్చోవడానికి నోరెందుకు. ఫసాన్మి బల్ల వెనక నిలబడి ఎవరో పెద్దమనిషి తెల్ల అగ్బాదా అంగీని ఇస్త్రీ చేస్తున్నాడు, దాని చేతులు ఎంత వెడల్పో, ఒక్కో మడతా పసిపిల్ల చెంప నిమిరినట్టు నిమిరి మరీ తీరుస్తున్నాడు, ఆ శ్రద్ధలో ఆవగింజంత నాయనమ్మ బట్ట మీద పెట్టి ఉంటే నేనిక్కడ ఎందుకుంటాను. అతని తల పైన బోర్డు: దేవుడి దయ డ్రై క్లీనర్స్, మచ్చలు మాకు వదలండి, పాపాలు ఆయనకు వదలండి. పోయిన బట్టలు ఎవరికి వదలాలో రాయలేదు.

బల్ల మీద ఒక డబ్బు కవరు ఉంది, దాని పక్కన లోపలిది అద్దంలో లాగా కనబడే గాజుకాగితంలో చుట్టిన ఒక నీలం బట్ట ఉంది. రెండూ నాకే. పోయినదానికి బదులట. రెండూ పుచ్చుకుని, ముట్టాయండీ అని ఒక్క మాట చెప్పి, మధ్యాహ్నం బస్సుకి ఊరికి పోవాలి, అత్త నన్ను పంపింది అందుకే. అత్త తను వచ్చి అరిచింది, ఒషోగ్బో వీధంతా వినేలా అరిచింది, ఫసాన్మి అంతకంటే బాగా అరిచాడు, రసీదు వెనక సన్నక్షరాల్లో ఉన్నది చదివి వినిపించాడు, బట్ట పోతే ఉతుకు కూలికి పదింతలు ఇస్తారట, అంతకు మించి అడక్కూడదట. నాయనమ్మ బట్టని ఉతుకు కూలితో కొలుస్తాడా. అలాగైతే మనిషిని సబ్బు ఖర్చుతో కొలవచ్చు. అత్త చివరికి మెత్తబడి, పోనీ అలాంటి రంగుదే ఇంకోటి ఇవ్వు, అమ్మకి చూపు ఆనదు అందట. అక్కడితో బేరం తెగిందట. ఇక తెచ్చుకోవడమే కదా, అరినోలాని పంపిస్తా, అది గొడవ పెట్టదు, ఇచ్చింది పట్టుకొస్తుంది అనుకుంది. నిన్న రాత్రి అన్నం దగ్గర నా ఎదురుగానే అంది, నేను లేనట్టు. నేను తల ఊపాను కూడా. ఊపిన తల నాదే, ఇప్పుడు కూర్చున్న కాళ్ళూ నావే, రెంటికీ పొత్తు కుదరలేదు, అంతే.

కొట్టులోకి వచ్చినప్పుడు తీసుకునే పోదామనుకున్నాను. మోకాళ్ళ మీద వంగి నమస్కారం పెట్టాను, పెద్దవాడు గనక, అతనేమో తలెత్తకుండా, ఆ, తీసుకో అమ్మాయీ, అయిపోయిందిగా, మీ అత్త ఒప్పుకుంది అన్నాడు. అయిపోయింది అన్న ఆ మాట దగ్గర నాకేదో అయింది. వంగిన మోకాళ్ళు లేవలేదు. మడమల మీదికి జారి గొంతుక్కూర్చున్నాను.

ఆ పోయిన నాయనమ్మ బట్ట ఎతూ. నీలిమందు కుండలో ముంచి ఆరబెట్టి మళ్ళీ ముంచి, నలుపు తిరిగేదాకా ముంచిన నూలు, అందులో వెంట్రుకంత సన్నటి లేత గీతలు, గిన్నికోడి రెక్క మీద ఉన్నట్టు. దాన్ని బెత్తెడు వెడల్పు పట్టీలుగా నేస్తారు. ఇసెయిన్ ఊళ్ళో నేయించిన ఆ పట్టీల చుట్టని తాతయ్య తెచ్చి ఒళ్ళో పడేస్తే నాయనమ్మే పక్కపక్కన పెట్టి కుట్టుకుంది, అప్పుడు మా నాన్న కడుపులో ఉన్నాడు, అందుకే నడుమ ఒకచోట కుట్టు పక్కకి పోయింది, మీ నాన్న తన్నాడే అంటుంది, బయటికి రాకముందే నా పని చెడగొట్టాడు అంటుంది. ఇప్పుడు ఆవిడ కళ్ళకి పొరలు. మధ్యాహ్నాలు పెట్టెలోంచి తీయించుకుని ఒళ్ళో పరుచుకుని కుట్ల వెంట వేళ్ళు నడుపుతూ కూర్చుంటుంది, మేం పలకరిస్తే, ఉండండర్రా, ఊరు తిరిగొస్తున్నాను అంటుంది. నేను మీ తాత దగ్గరికి పోయేటప్పుడు ఇదే కట్టి పంపండి, నైలాను గుడ్డ చుట్టి పంపారో, సగం దారిలోంచి వెనక్కొచ్చి ఒక్కొక్కళ్ళ వీపు విమానం మోత మోగిస్తా. అందరం నవ్వుతాం. నవ్వుతాం గాని అది నిజం మాట అని అందరికీ తెలుసు, కిందటి వానల్లో జ్వరం వచ్చినప్పుడు ఆవిడ మందు అడగలేదు, పెట్టె తెరిచి ఉంచండి అంది.

చర్చిలో కోతల పండగ నాడు ఎవరో పామాయిలు కూర ఒలకబోశారు. నేనే ఉతుక్కుంటాను, గోరువెచ్చని నీళ్ళు పెట్టండి చాలు అని నాయనమ్మ మొత్తుకుంది. అత్తే వినలేదు, టౌనులో మిషను ఉందమ్మా, మరక పోయి కొత్తదవుతుంది అంది. ఇప్పుడు రోజూ పొద్దుగూకేవేళ నాయనమ్మ అడుగుతుంది, ఉతుక్కి వేసిన బట్ట వచ్చిందా. అత్త చెప్తుంది, వానలు కదమ్మా, ఆరలేదట. వానలు! హర్మటాన్ ఎండుగాలికి పెదాలు పగిలి నెత్తురొస్తోంది, చెట్లన్నీ దుమ్ము పూసుకుని నిలబడ్డాయి, వంటింట్లో తడిగుడ్డ పెట్టిన క్షణంలో అట్ట కడుతోంది. ఏం వానే, నా వేళ్ళకి చెమ్మ తగలదేం అంటుంది నాయనమ్మ. అక్కడెక్కడో పడుతోందిలే అమ్మా. ఆవిడ గాలిలోకి చాపిన వేళ్ళు వెనక్కి తీసుకుంటుంది. తెలియక ఊరుకుంటుందో తెలిసి ఊరుకుంటుందో నాకు తెలీదు, ఆ ఊరుకోవడం మాత్రం చూడలేక నేను పెరట్లోకి పోతాను.

అద్దాల తలుపు తోసుకుని ఒక లావుపాటి ఆయన వచ్చి నా దగ్గర ఆగాడు. "ఏం ఫసాన్మీ, గుమ్మానికి దిష్టిబొమ్మని పెట్టుకున్నావేం?"

కొట్టు పక్కనే బొగ్గుల మీద అరటికాయలు కాల్చే ఆవిడ ఊరుకుంటుందా. విసనకర్ర ఆపకుండానే అందుకుంది. "దిష్టిబొమ్మ కాదు మాస్టారూ, అప్పుబొమ్మ. ఆ కూర్చోవడం చూడండి. ఇజేషా వాళ్ళ కూర్చోవడం అది. నా చిన్నప్పుడు మా గుమ్మంలో ఒకడు ఇలాగే కూర్చుంటే మా నాన్న వెనక కిటికీలోంచి దూకి పారిపోయాడు, కాలు విరిగింది కూడానూ."

"నీ అరటికాయలు నువ్వు కాల్చుకో అక్కా," అన్నాడు ఫసాన్మి.

"కాల్చుకుంటున్నానయ్యా. నీ కొట్టు అంటుకుంటుంటే చూస్తూ కాల్చుకుంటున్నా."

ఇజేషా వాళ్ళ కూర్చోవడమట. ఇదివరకైతే ఆ మాటకి భూమిలోకి పోయేదాన్ని. మా తాతయ్య ఇజేషా దేశం నుంచి సైకిలు మీద తానులు వేసుకుని ఊరూరూ తిరిగి అరువుకి అమ్మేవాడు, పంట వచ్చాక ఇస్తామనేవాళ్ళు, పంట వచ్చేది, డబ్బు వచ్చేది కాదు, అప్పుడు తాతయ్య తెల్లారకముందే పోయి వాళ్ళ గుమ్మంలో గొంతుక్కూర్చునేవాడు. ఇలాగే ఉంటాను, రాబట్టుకునే పోతాను అని ఒక్కసారి చెప్పి ఇక పెదవి కదిపేవాడు కాదట. ఆ వ్యాపారులందరికీ అదే పేరైపోయింది, ఒషోమాలో. బళ్ళో నన్ను చూసి ఆడపిల్లలు అరిచేవాళ్ళు, ఒషోమాలో మనవరాలొచ్చిందే, పెన్సిలు అప్పు తీసుకున్నవాళ్ళు దాక్కోండే. నేను పెన్సిలు ఇచ్చి తిరిగి అడిగేదాన్ని కూడా కాదు, ఆ పేరుకి భయపడి. ఎన్ని పోయాయో. దానికీ ఒక పద్ధతుందని నాయనమ్మ చెప్పేది, తిట్టకూడదు, చెయ్యెత్తకూడదు, వాళ్ళు వేసిన పీట మీద కూర్చోకూడదు, వాళ్ళ నీళ్ళు తాగకూడదు, తాగావా, చుట్టానివి అయిపోయావు, చుట్టం లేచి పోవాల్సిందే. సిగ్గులేని మనుషులనేవాళ్ళు మమ్మల్ని. ఎదుటివాడి తాను కట్టుకుని పండగ చేసుకుని డబ్బివ్వనివాళ్ళకి ఏ పేరూ పెట్టలేదు మరి. అది ఇప్పుడు తడుతోంది నాకు, ఇంతకాలానికి, ఈ గడప మీద.

"కుర్చీ వేస్తాను తల్లీ, లేచి కూర్చో," ఫసాన్మి గొంతు మార్చాడు. "చల్లగా ఏదైనా తాగుతావా? ఫాంటా?"

తల అడ్డంగా ఊపాను.

"ఫాంటా వద్దనే పిల్లని ఈ దేశంలో ఇప్పుడే చూస్తున్నా," అంది అరటికాయల ఆవిడ. "నీ పని అయిపోయింది పో."

లావుపాటాయన తన బట్టలు తీసుకుని లెక్క చూసుకున్నాడు, మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు, ఒక్కో చొక్కా కాలరు తిప్పి గుర్తు చూసుకున్నాడు. వచ్చినప్పుడు చూసుకోవాలన్న ఆలోచన లేదు ఆయనకి, నన్ను చూశాకే పుట్టింది. అది ఫసాన్మి గమనించాడు. ఇస్త్రీపెట్టె కాస్త గట్టిగా దింపాడు. మంచిది. ఒక్క వాడుక మనిషి చొక్కా కాలరు తిప్పితేనే అంత గుచ్చుకుందే, మా ఇంట్లో ఒక ముసలావిడ రోజూ పొద్దుగూకేవేళ గాలిలోకి వేళ్ళు చాపుతోంది చెమ్మ తగులుతుందేమోనని, అది ఎక్కడ గుచ్చుకోవాలి. పోయిందమ్మా, నా పొరపాటే అని మా ఊరొచ్చి ఆవిడ ముందు ఒక్క మాట అని ఉంటే, నాయనమ్మ తిట్టేది, ఏడ్చేది, ఆ తర్వాత అతనికి అన్నం పెట్టేది, నాకు తెలుసు. అతను రాడు. అతను కవరు పంపిస్తాడు.

కొట్టు ఇరుకు, బల్ల గడపకి మూరెడు దూరంలోనే ఉంది, నా కళ్ళు దాని అంచుతో సమానంగా ఉన్నాయి, అందుకని గాజుకాగితం ముక్కుకి ఎదురుగా కనబడుతోంది. ఇదే రంగమ్మా, ఇంకా కొత్తది కూడానూ, మీకే లాభం అన్నాడు పొద్దున. మిషను గుడ్డ. గిన్నికోడి గీతలు అచ్చు వేశారు, నేసినవి కావు, పట్టీలు లేవు, కుట్లు లేవు, నాయనమ్మ వేళ్ళు దీని మీద పెడితే నడవడానికి దారే ఉండదు, జారి కిందపడతాయి. అత్త కళ్ళని చూసింది గాని వేళ్ళని చూడలేదు, ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి. కొత్తదన్నాడు గాని కొత్తది కాదు. అంచున పిన్నీసు దిగిన చిల్లులున్నాయి, రెండు, పక్కపక్కన, నల్ల రిబ్బను గుచ్చుకుంటారే చావు భోజనాలప్పుడు, అలా. ఎవరో కట్టుకున్నారు. ఎవరో కట్టుకున్నది ఇతని దగ్గర ఎలా ఉంది, ఇతనేం బట్టలు అమ్మడు కదా, ఉతుకుతాడు. ఉతికింది ఎవరిదో వాళ్ళకి పోవాలి కదా. వాళ్ళు వచ్చి మాది ఒకటి తక్కువైందని ఎందుకు అడగలేదు. అడగలేదంటే తక్కువవ్వలేదన్నమాట. అన్నీ లెక్కకి సరిపోయాయన్నమాట, దీని బదులు ఇంకేదో వెళ్ళి.

నీలం. వీధంతా నీలం. నాయనమ్మ బట్ట ఉతుక్కి తెస్తుంటే మా బస్సు టౌనులో పెద్దింటి మనిషి మదామ్ ఒలాయింకా ఇంటి ముందు ఇరుక్కుపోయిన రోజు, వాళ్ళ అత్తగారి పెద్దదినం, తొంభై దాటి పోయింది గనక డప్పులు, నాట్యాలు, చుట్టపక్కాలందరూ ఒకే తానులోంచి కోయించిన ఇంటిబట్ట కట్టి రోడ్డు నిండా ఆడుతున్నారు, డ్రైవరు హారను కొట్టీ కొట్టీ దిగిపోయి తనూ రెండడుగులు వేసొచ్చాడు. అత్త ఒళ్ళో నాయనమ్మ బట్ట మూట. దూరం నుంచి చూస్తే అచ్చం అమ్మ బట్టలా లేదూ అంది అత్త. అక్కడినుంచి నేరుగా ఇక్కడికొచ్చి ఇచ్చాం. ఆ వెనకే ఆ నీలాలన్నీ మూటలు మూటలుగా ఇక్కడికే ఉతుక్కి వచ్చి ఉంటాయి, ఇంకెక్కడికి పోతాయి, టౌనులో పెద్దవాళ్ళ బట్టలన్నీ ఇతని దగ్గరికే కదా. ఎవరి గుర్తు చూస్తాడు ఇంకా, అందరిదీ ఒకే బట్ట, లెక్క సరిపోతే చాలు, నీలం కనబడితే అందులో వేశాడు. ఒకటి మిగిలిపోయింది. మిగిలినదాన్ని చేత్తో పట్టుకున్న రోజే తెలిసి ఉంటుంది ఇతనికి, ఎక్కడ ఏది వెళ్ళిందో. తెలిసి, ఇస్త్రీ చేసి, గాజుకాగితంలో చుట్టి, నాకిస్తున్నాడు. పోయిందట. పోయిందని మా అత్త ముందు ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్పాడట.

"ఇది మదామ్ ఒలాయింకా వాళ్ళది."

ఎవరన్నారా అని నేనూ చూశాను. నేనే. ఫసాన్మి చెయ్యి అగ్బాదా మీద ఆగిపోయింది, ఆగినది ఆగినట్టే ఉంది, కాలిన వాసన వచ్చాక ఇస్త్రీపెట్టె ఎత్తాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

కాదు అనలేదు. ఎవరు చెప్పారు అన్నాడు. బొగ్గుల దగ్గర విసనకర్ర చప్పుడు కూడా ఆగింది.

అతను బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ముందు వంగాడు, గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నువ్వు చిన్నదానివి. వాళ్ళింటి మూటలు వారం వారం వస్తాయి నాకు. ఆవిడ దగ్గరికి పోయి, అమ్మగారూ, మీ బట్టల్లో వేరేవాళ్ళ పాతది ఉంది, వెతకనివ్వండి అని అడగమంటావా? పెద్దింటి మనిషిని దొంగ అన్నట్టు ఉండదూ? మళ్ళీ నా గుమ్మం తొక్కుతుందా? మీకేం, డబ్బిస్తున్నా, బట్ట ఇస్తున్నా. మీ నాయనమ్మకి ఎలాగూ కనబడదటగా."

ఎలాగూ కనబడదటగా. అత్త చెప్పిన మాట, ఇతని నోట్లో తిరిగి, నా ముఖం మీద పడింది. ఇద్దరూ కలిసి నాయనమ్మ కళ్ళ పొరలని కూడా లెక్కలో వేసుకున్నారు. ఆ మదామ్‌కి ముఖం ఉంది, అది చిన్నబోకూడదు. మా నాయనమ్మకి ఏముంది, ఉతుకు కూలి, దానికి పదింతలు. ఒక మనిషికి చెప్పలేక ఇంకో మనిషికి డబ్బివ్వడం నష్టపరిహారమెలా అవుతుంది, అది నోరు మూయించడానికి ఇచ్చేది, ఆ మూసుకునే నోరు నాదనుకున్నారు. తాతయ్య అయితే ఇంకా కూర్చునేవాడేమో. కానీ ఆయనకి రావలసింది ఎప్పుడూ కూర్చున్న ఇంట్లోనే ఉండేది, నాకు రావలసింది ఇక్కడ లేదు.

లేచాను. కాళ్ళు లేవలేదు, నేనొక్కదాన్నే లేచాను, తలుపు పట్టుకుని ఊగిపోయాను. కవరు ముట్టుకోలేదు. గాజుకాగితం మూట తీసి చంకలో పెట్టుకున్నాను.

"ఎక్కడికి?"

"ఆవిడ బట్ట ఆవిడకిచ్చి వస్తాను."

"పిచ్చిగా ఉందా నీకు?"

"వెళ్ళవే తల్లీ, వెళ్ళు!" అరటికాయల ఆవిడ విసనకర్ర ఎత్తి దారి చూపించింది. "చర్చి దాటాక ఆకుపచ్చ గేటు. ఒరే ఫసాన్మీ, చెప్పులైనా వేసుకోరా!"

సూదులు గుచ్చుతున్నట్టున్న కాళ్ళతో కుంటుతూ నేను, ఇంటి చెప్పు ఒకటీ బయటి చెప్పు ఒకటీ తగిలించుకుని వెనక అతను, మోటారు సైకిళ్ళ మధ్య, దుమ్ములో. ఆగమ్మా, నేను చెప్తాను, నీకు మాట్లాడ్డం రాదు, చిన్నగా చెప్పాలి, ముందు వాళ్ళ ఆరోగ్యం అడగాలి, పిల్లల సంగతి అడగాలి, ఆ తర్వాత మెల్లిగా. మెల్లిగానే. ఎంత మెల్లిగానో చూశాంగా, కోతల పండగ నుంచి హర్మటాన్ దాకా.

మదామ్ ఒలాయింకా వరండాలో కూర్చుని జడలు అల్లించుకుంటోంది, ఒళ్ళో వేరుశనక్కాయల పళ్ళెం. ఫసాన్మి మెట్ల కింద బోర్లా పడి దణ్ణం పెట్టాడు, లేచి ఆవిడ ఆరోగ్యం అడిగాడు, పిల్లల్ని అడిగాడు, లండన్‌లో ఉన్న అల్లుణ్ణి అడిగాడు, పోయిన అత్తగారిని పొగిడాడు, ఇంకా పొగుడుతూనే ఉన్నాడు.

"ఊపిరి తీసుకో ఫసాన్మీ. ఎందుకొచ్చావో చెప్పు."

ఆవిడ అత్తగారి మంచితనం మళ్ళీ ఎత్తుకున్నాడు. చేతులు నలుపుకున్నాడు. మూట ఆవిడ ముందు పెట్టాను. "ఇది మీ ఇంటిబట్టండీ. ఇక్కడ ఒకటి మా నాయనమ్మది ఉంది. పాతది. నేసినది."

పొగరనుకుంటుందో ఏమో అని చూశాను. ఆవిడ వేరుశనక్కాయ నలిపి పొట్టు ఊదింది. "ఉతికి పంపిన ఆ ఇంటిబట్టల మూటలోనా? అది విప్పితేగా! ఎవరి ముక్క వాళ్ళు వచ్చి పట్టుకుపొండర్రా అని అందరికీ ఫోన్లు చేసి చచ్చిపోతున్నా, కట్టి ఆడడానికి వచ్చారు గాని మళ్ళీ ఒక్కళ్ళూ రారు. అదుగో, ఆ చివర."

వరండా చివర, పాత జనరేటరు పక్కన, నైలాను సంచి. మూతి దగ్గర ఫసాన్మి కొట్టు తాడు, అతను వేసిన ముడి అతను వేసినట్టే, పైన దుమ్ము. విప్పాను. బిర్రుగా ఇస్త్రీ చేసిన నీలాలు ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి, వాటి మధ్య చెయ్యి పెడితే చేతికే తెలిసింది, మెత్తగా, బరువుగా, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు. బయటికి లాగాను.

"ఓహో," అంది ఆవిడ వెనకనుంచి, జడలో చేతులున్న పిల్లతో సహా ముందుకు వంగి. "ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి. మీ నాయనమ్మ అదృష్టవంతురాలు. ఇంతోటిదానికి ఇద్దరు రావాలా ఫసాన్మీ? ఒక్క ఫోను చేస్తే పంపించేదాన్ని కాదూ?"

ఫసాన్మి నవ్వాడు. అవునమ్మగారూ, అవునమ్మగారూ అంటూ నవ్వాడు.

ఒక్క ఫోను. కొట్టుకి ఇంత దూరంలో, ఎవరూ విప్పని ఒక ముడి వెనక. దీనికోసం అత్త గొంతు పోయింది, దీనికోసం ఎండలో వానలు కురిపించారు, దీనికోసం నాయనమ్మ అడగడం, ఊరుకోవడం, అడగడం, ఊరుకోవడం. దాచింది దొంగలు కాదు, మింగింది మిషను కాదు, ఒక మనిషి ఒక మాట అనడానికి మొహమాటపడ్డాడు, అంతే, ఆ మొహమాటం ఖరీదు మా ఇల్లు చెల్లించింది.

గేటు దాటాక అతనికి ప్రాణం లేచొచ్చింది, నాతో సమానంగా నడుస్తున్నాడు. "చూశావా, ఎక్కడికీ పోలేదు! నేను చెప్తూనే ఉన్నా, నా దగ్గర బట్ట పోవడమేమిటి. ఇలా ఇయ్యి తల్లీ, పామాయిలు మరక ఉండనే ఉంటుంది, ఈసారి ఊరికే ఉతికిస్తా. శనివారం వచ్చి పట్టుకుపో."

చెయ్యి చాపాడు కూడా. నిజంగా చాపాడు.

నడిరోడ్డు మీద ఆగి బట్ట మడత విప్పాను. లంగా మీదే చుట్టి, కొస గట్టిగా లాగి నడుం దగ్గర దోపుకున్నాను, పెద్ద మనిషికి కుట్టిన బట్ట, కాళ్ళకి అడ్డం పడుతోంది, కుచ్చెళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని బస్సుల వైపు నడిచాను. మోటారు సైకిలు వాళ్ళు చూస్తున్నారు, చూడనీ. అతను ఏదో అంటూనే ఉన్నాడు వెనక, ఉచితం అంటున్నాడు. నాకు కోపం ఇంకా చాలా మిగిలింది. మంచిదే, నేను చేరేసరికి అత్త ఇంట్లోనే ఉంటుంది.